చల్లగా ఉన్నప్పుడే వచ్చే చప్పుడు

ఆ చప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ వినిపించకపోవడమే నాకు పిచ్చెక్కించింది.

పొద్దున్నే మా మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తి తమ్ముడి కారు స్టార్ట్ చేస్తాను. లోపల ఎవరో వేలితో తలుపు కొడుతున్నట్టు టక్ టక్ టక్. బానెట్ ఎత్తి, తల దూర్చి, ఎక్కడా అని వెతుకుతుండగానే అది సన్నగిల్లి మాయమైపోతుంది. సరిగ్గా అప్పుడు మావాడు పళ్ళు తోముకుంటూ వచ్చి, ఏదక్కా చప్పుడు అంటాడు. ఇంజన్ బుద్ధిమంతుడిలా తిరుగుతూ ఉంటుంది. వెర్రి మొహం వేసుకుని నిలబడటం నా వంతు.

నా భయం ఊరికే వచ్చింది కాదు. మావాడు కొండ దారి పందేలకు వెళ్తాడు. వేగం చాలదని, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఒత్తిడి పెంచుకుంటూ పోయాడు. ఇంజన్‌తో పాటు వచ్చిన పోత పిస్టన్లూ వాటిని మోసే మామూలు రాడ్లూ ఎంతని తట్టుకుంటాయి? పోయిన పందెంలో ఒక రాడ్డు విరిగి, ఇంజన్ గోడ బద్దలు కొట్టుకుని బయటికొచ్చింది. ఆయిల్ టైర్ల కింద పడి, కారు జారి రాళ్ళగోడను గుద్దుకుంది. వాడి భుజం ఎముక విరిగింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఈసారి ఇంజన్ నేనే కడతానని ఒట్టు పెట్టుకున్నాను.

కట్టాను. కొత్త బ్లాకు, లోపల ఫోర్జింగ్ పిస్టన్లు, ఫోర్జింగ్ రాడ్లు. పోత పోసినవి కావు, వందల టన్నుల ఒత్తిడి కింద నలిగి గట్టిపడినవి. మా షెడ్డులో అలాంటి ఇంజన్ ఇదే మొదటిది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో తయారీవాళ్ళు చెప్పిందే వదిలాను. మామూలు కంటే ఎక్కువే అనిపించినా నోరు మూసుకుని వదిలాను.

అయినా టక్ టక్. రాడ్డు బేరింగ్ పోయేముందు కూడా ఇలాగే కొడుతుంది. వాడి భుజం అతుక్కుంది, ఆదివారం మళ్ళీ పందెం. కారు తాళం నా జేబులో ఉంది. ఇస్తే వాడేమవుతాడో, ఇవ్వకపోతే ఏమని చెప్పాలో, రెండూ తెలియలేదు.

మా షెడ్డుకో పద్ధతి ఉంది. ఏ ఇంజనైనా వేడెక్కాక, నాన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. ఆయన తలూపితేనే బండి గడప దాటుతుంది. అందుకే అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఈ ఇంజన్‌కీ తలూపాడు. కొంతకాలంగా మావైపు వీపు తిప్పి, బానెట్ కింద బాగా వంగి వింటున్నాడు. నడుం నొప్పేమో అనుకున్నాను. పిడి నిండా ఏవో గాట్లు కూడా పడ్డాయి. ఎలుకలు కొరుకుతున్నాయని బోను పెట్టాను. ఒక్కటీ పడలేదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చప్పుడొస్తోందని నాన్నకు చెప్పాను. ఊఁ అన్నాడు. ఏం చేద్దామన్నాను. దానికీ ఊఁ అన్నాడు. మొదటి నుంచీ మాటలు తక్కువ మనిషే, కానీ ఇదేం జవాబు? ఆయన పట్టించుకోవడం లేదో, నాకే లేనిపోనివి వినిపిస్తున్నాయో అర్థం కాలేదు. మూడోసారి అడిగితే టీ తాగావా అన్నాడు.

చివరికి ఒక పాడు ఆలోచన వచ్చింది. నాన్న వీపు వెనక నిలబడి, పానాలున్న రేకు ట్రేని చేజార్చాను. పక్కన టైర్ల కొట్టువాడు ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. నాన్న తిరగలేదు. తన పాటికి తాను బోల్టు తుడుచుకుంటున్నాడు.

చెవి మేస్త్రికి చెవులు లేవు. మరి ఆయన తలూపింది దేనికి? ఇన్నాళ్ళూ మా షెడ్డు నుంచి వెళ్ళిన బళ్ళన్నీ ఏ నమ్మకం మీద వెళ్ళాయి?

ఆయన్ని అడిగే ధైర్యం లేక నా కోపమంతా ఇంజన్ మీద చూపించాను. దించి, విప్పి, బేరింగులన్నీ వెలుతురులో తిప్పి చూశాను. గీత లేదు. కొలతలు తీస్తే అన్నీ అచ్చం నేను పెట్టినట్టే ఉన్నాయి. ఎక్కడో తప్పు దొరికి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. మళ్ళీ బిగించి, మర్నాడు పొద్దున స్టార్ట్ చేశాను. టక్ టక్ టక్.

ఇక ఆగలేదు. ఇంజన్ వెంటనే ఆపేసి, ఇంట్లోకి వెళ్ళి, నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తమ్ముడు నోట్లో బ్రష్షుతోనే వెనక వచ్చాడు. చల్లటి ఇంజన్ ముందు నాన్నను నిలబెట్టి, స్టార్ట్ చేసి, ఇది వినండి, ఇప్పుడు వినండి అని గొంతు చించుకున్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. ఈసారి వీపు తిప్పలేదు. స్క్రూడ్రైవర్ మొన బ్లాకు మీద ఆనించి, చెక్క పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టాడు.

గాట్లు ఎవరివో అప్పుడు తెలిసింది. బోను పెట్టినందుకు సిగ్గేసింది.

కళ్ళు మూసుకుని, పళ్ళలోంచి దవడ ఎముకకెక్కే అదురుతో ఒక్కో సిలిండరూ విన్నాడు. చప్పుడు సన్నగిల్లి ఆగేదాకా విని, పిడి నోట్లోంచి తీశాడు.

“రాడ్డు కాదమ్మా. రాడ్డయితే వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. ఇది పిస్టన్ గోడకు తగలడం. ఈ రకానివి వేడికి ఎక్కువ ఉబ్బుతాయి, అందుకే చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఊగుతాయి. నువ్వు పుట్టకముందు రేసు మోటారుసైకిళ్ళలో బోలెడు చూశాను.”

మరి చెవుల సంగతి నాకెందుకు చెప్పలేదన్నాను. మళ్ళీ అన్నాను. ఆయన నా పెదాల వంక చూస్తూ నవ్వబోయాడు.

“చెవులు పోయి చాన్నాళ్ళయింది. పళ్ళున్నాయి కదా అని ఊరుకున్నాను.”

తమ్ముడు బ్రష్షు చేతిలోకి తీసుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంజన్ ఆపేసి, స్క్రూడ్రైవర్ పిడిని మళ్ళీ నాన్న నోటికి అందించాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా కరిచాడు. మొనను నా దవడ ఎముకకు గట్టిగా ఆనించుకున్నాను.

“నాన్నా, వీడికి తాళం ఇచ్చేయనా?” అని షెడ్డు దద్దరిల్లేలా అరిచాను.

నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. పిడి తీసి చొక్కాకు తుడిచాడు.

“ఇచ్చేయ్. వేడెక్కేదాకా తొక్కొద్దని చెప్పు” అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “అరవకమ్మా. వినిపిస్తోంది.”