జాలేటి మలుపు

ఎండిన జాలేరు నడిమధ్యన రెండుచోట్ల బోరు వేసి చూస్తే బండే తగిలింది. మూడోదాంట్లోనూ నీళ్లు పడకపోతే, ఊరికి మంజూరైన తాగునీటి బావి పక్క ఊరికి పోతుందని ఇంజనీరు అష్రఫ్ చెప్పాడు.

"నడిమధ్యన ఎతికితే యాడ దొరుకుతాయప్పా? ఈడికి రా," అంది మద్దమ్మ. ముప్పై ఎండాకాలాలు ఈ ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు మోసిన మనిషి ఆమె.

"మ్యాపులో ఏరు ఈడనే ఉండాది కదవ్వా!"

"అది వానకు పారే ఏరు. ఎండకు పారేది ఇసక కింద. కొండను ఒరుసుకొని మలుపు తిరుగుతాది."

ఆమె కొండ పక్కన మోకాళ్లూని ఇసుక తోడింది. మూరెడు లోతున నీళ్లు ఊరాయి. మురికి నీటిని మూడుసార్లు పారబోసి, తేరాక చెంబు ముంచి అతనికిచ్చింది. తోడేకొద్దీ ఊరుతూనే ఉన్నాయి.

మూడో బోరు అక్కడే వేశారు. సాయంత్రానికి నీళ్లు పైకి ఎగజిమ్మాయి. తడిసిన మ్యాపు మడిచి, అష్రఫ్ సున్నం డబ్బా ఆమె చేతికిచ్చాడు.

"బావికి గుర్తు నువ్వే గియ్యవ్వా."

మద్దమ్మ నడుము నిటారుగా చేసుకుని, తీరిగ్గా, పెద్ద గుండ్రం గీసింది.

"అంత పెద్దదా?"

"ఊరంతా తాగల్ల కదప్పా!"