ముత్యాలు నెమరేసిన రేడియో

తెల్లవారి లేవగానే శారదమ్మ చేసే మొదటి పని కొట్టం ఊడవడం. పేడ తట్టకెత్తి, కుండీలో నీళ్లు నింపి, తవుడు కలిపిపెట్టి, ఆ తర్వాతే మొహం కడుక్కునేది. గౌలిపురాలోని ఆ గల్లీలో ఒకప్పుడు ప్రతి గడప ముందూ బర్రెలుండేవి. ఇప్పుడు ఆ జాగాల్లో బైకులు నిలబెడుతున్నారు. శారదమ్మ ఇంట్లో మాత్రం ఒక్క బర్రె మిగిలింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి దాన్ని ముత్యాలు అని పిలుస్తారు.

ఆ ముత్యాలు దూడ ముందు వారం చచ్చిపోయింది. దూడ మూతి తగలనిదే బర్రె పాలు చేపనంటుంది. పొదుగు బండలా బిగిసి ఉన్నా, శారదమ్మ వేళ్లు గుంజేదాకా పిండినా, గిన్నెలో చుక్క పడలేదు. పశువుల డాక్టరు వచ్చి మందిచ్చి పోయాడు. ఏమీ మారలేదు. శారదమ్మ భర్త రామ్‌చందర్ గుంజకు ఆనుకొని, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"వచ్చే ఐతారందాక చూద్దాం. గప్పటికి చేపకపోతే జగదీశ్వర్‌కు ఇచ్చేద్దాం."

జగదీశ్వర్ వట్టిపోయిన బర్రెలను కొనే బేరగాడు. అతని బండెక్కిన బర్రెలు ఎటు పోతాయో గల్లీలో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

ఆ మాట విని వాళ్ల కూతురు తనూజ గభాల్న లేచింది. "బా... బా... బా..." అంటూ ఆగిపోయింది.

"బాపూ అమ్మొద్దు అంటున్నది," అని శారదమ్మ పూర్తి చేసింది.

తనూజకు చిన్నప్పటి నుంచీ నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుంటుంది. శారదమ్మ బిడ్డను ఎక్కడా అలా ఇరుక్కోనివ్వలేదు. బడిలో టీచరు అడిగినా, దవాఖానలో డాక్టరు అడిగినా, ఆటో అతను ఎక్కడికని అడిగినా మిగతా మాట తానే అందించేది. బిడ్డ నాలుక కొసన ఏముందో తనకు తెలుసని ఆమె నమ్మకం. తనూజకు ఇప్పుడు ఇరవై దాటి చాలా ఏళ్లయింది. చార్మినార్ దగ్గర ఒక గాజుల దుకాణంలో, వెనక గదిలో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికిస్తుంది. అక్కడ మాటతో పని లేదు.

సోమవారం పొద్దున ముత్యాలు నెమరు వేయడం మొదలుపెట్టగానే దాని నోట్లోంచి రేడియో వచ్చింది.

మొదట టింగ్ టింగ్ అని గంటలు వినిపించాయి. తర్వాత ఒక మగ గొంతు, ఎక్కడా తొందర లేకుండా, లోకంలోని శ్రోతలందరికీ నమస్కారం చెప్పింది. ఈ వారమంతా మాటలూ పాటలూ ఉంటాయంది. దవడలు కదిలినంతసేపూ వినిపించి, ముద్ద మింగగానే ఆగి, మరో ముద్ద పైకి రాగానే ఆగినచోటి నుంచే అందుకుంది.

"ఎక్కడిదో దేశదేశాల రేడియో పట్టింది," అన్నాడు రామ్‌చందర్ గడ్డి విదిలిస్తూ. "అడ్వర్‌టైజ్‌మెంట్లు లేవు. మంచిగున్నది."

పక్కింటి హలీమా బీ పీట తెచ్చుకొని కొట్టం గుమ్మంలో కూర్చుంది. శారదమ్మకు అది తెలుగులో వినబడేది, హలీమా బీకి సాఫ్ ఉర్దూలో. చప్పుడు ఎక్కువైందని ఎదురింటివాళ్లు ఒకసారి లొల్లి చేశారు కానీ, మేత మార్చితే తగ్గింది. పచ్చిగడ్డికి సంగీతం బాగా వచ్చేది, ఎండుగడ్డికి మాటలు. తవుడు పెడితే మాత్రం అంతా గరగర.

ఆ సోమవారం మంచు గడ్డల కింద మైకు దించి, మంచు విరిగే చప్పుడు వినే ఒకాయన మాట్లాడాడు. విరిగే ముందు మంచు మూలుగుతుందట. మంగళవారం ఏదో దీవిలో పెళ్లికి వాయించే డప్పులు మోగాయి. ఆ దరువుకు హలీమా బీ మోకాళ్ల నొప్పి మరిచి కాలు ఆడించింది. బుధవారం రొట్టెల గురించి చర్చ. ఒక్కో ఊళ్లో పిండి పులియబెట్టే తీరు చెబుతుంటే, శారదమ్మ పొయ్యి మీది అన్నం అడుగంటించుకుంది.

ఆమెకు కొత్త రోగం పట్టుకుంది. ప్రతిదీ తెలుసుకోవాలనిపించేది. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతూ, "మంచు మూల్గుతదంట, నీకెర్కనా?" అని బండి అతన్ని అడిగింది. అతను తక్కెడ దించి, "మా ఇంట్ల ఫ్రిజ్ మూల్గుతదమ్మా, గట్లనే గావచ్చు," అన్నాడు. శారదమ్మకు ఆ జవాబు నచ్చింది.

సాయంత్రాలు తనూజ దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా కొట్టంలోకి పోయేది. ముత్యాలు పక్కకు వీపు ఆనించి కూర్చుని, పగలు తాను వినలేకపోయింది తల్లి చెబుతుంటే వినేది. వింటూ చేత్తో ముత్యాలు పొదుగు తడిమి చూసేది. అలాగే బిగిసి ఉండేది.

గురువారం నాడు దుకాణానికి సెలవు దొరికింది. తల్లీకూతుళ్లిద్దరూ కలిసి విన్నారు. సముద్రం మధ్య రాతి మీద లైట్‌హౌస్ కాసిన ముసలాయనతో ముచ్చట పెట్టింది రేడియో.

"అక్కడ ఒంటరిగా అనిపించేదా?" అని అడిగింది రేడియో గొంతు.

ముసలాయన ఏమీ అనలేదు. ముత్యాలు దవడలు కదులుతూనే ఉన్నాయి. ముసలాయన ఊపిరి, దూరంగా అలలు, అంతే వినిపిస్తున్నాయి.

శారదమ్మ ఉండలేకపోయింది. "అనిపించింది అని చెప్పరాదయ్యా!"

"లేదు," అన్నాడు ముసలాయన చివరికి. "కిందికి దిగి ఊళ్లకు వచ్చినంకనే అనిపించింది."

తనూజ పకపకా నవ్వింది. తల్లి మొహంలోకి చూసి మళ్లీ నవ్వింది. శారదమ్మ కూడా నవ్వింది గానీ, ఆ మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ అదే మాట మళ్లీ మళ్లీ ఆలోచించింది. తను అందించిన మాట తప్పయింది. రేడియో ఆయన ఆగబట్టి అసలు మాట బయటికొచ్చింది. ఇన్నేళ్లుగా తను తనూజకు అందించిన మాటల్లో తప్పులెన్ని ఉంటాయి? బడిలో, దవాఖానలో, గాజుల దుకాణంలో పనికి కుదిర్చిన రోజున? వెనక గదే మంచిదని ఆరోజు చెప్పింది తనే.

శుక్రవారం సాయంత్రం పచ్చిగడ్డి దొరికింది. రేడియోలో ఒక ఆడమనిషి పాట వచ్చింది. చలికి గడ్డకట్టే ఎడారిలో ఒంటెలు కాసుకునే మనిషట. తల్లి ఒంటె తన పిల్లను దగ్గరికి రానివ్వకపోయినా, పిల్ల చచ్చిన ఒంటె మరో పిల్లకు పాలియ్యకపోయినా, వాళ్లు దాని మెడ నిమురుతూ పాడతారట. పాడగా పాడగా ఒంటె కళ్లలో నీళ్లు తిరిగి పాలు చేపుతుందట. పాట వింటున్నంతసేపూ తనూజ కదల్లేదు. ముత్యాలు గుటక వేసేసరికి పాట తెగిపోయింది. తర్వాతి ముద్దకు వేరే కార్యక్రమం మొదలైంది.

తనూజ ఆ రాత్రి అన్నం కెలికి లేచింది.

శనివారం మధ్యాహ్నం రేడియో గొంతు చెప్పింది. "ఈరోజు మీ వంతు. ఈ వారం విన్నవాటి మీద ఏమైనా అడగాలనుంటే అడగండి."

తనూజ ఆరోజు పనికి పోలేదు. "ఎట్ల అడగాలె?" అంది శారదమ్మ.

"చెవుల అడుగుండ్రి," అంది హలీమా బీ తమలపాకు మడుస్తూ. "ఇంకెక్కడ అడుగుతరు?"

శారదమ్మ ముత్యాలు చెవి పట్టుకొని వంగింది. "హలో. గౌలిపుర కెంచి మాట్లాడుతున్నం."

"చెప్పండమ్మా, వింటున్నాం. మీ పేరేంటి?"

"నా పేరు శారదమ్మ. అడిగేది నా బిడ్డ తనూజ. ఆమెకు మాట తగులుతది సార్, ఆమె దిక్కు నుంచి నేనే అడుగుత..."

"ఆమెనే అడగనివ్వండి," అంది గొంతు. "మా దగ్గర టైం ఉంది."

శారదమ్మ చెవి వదిలి పక్కకు జరిగింది. తనూజ వంగింది. ముత్యాలు నెమరు వేస్తూనే ఉంది.

"ఆ... ఆ... ఆ..." అంది తనూజ.

రేడియో ఆగింది. లోకంలో ఎన్ని ఊళ్లలో ఎంతమంది వింటున్నారో, అందరూ ఆగినట్టే ఉంది. దగ్గు లేదు, సంగీతం లేదు. కుడితి బకెట్ పట్టుకొని లోపలికి వచ్చిన రామ్‌చందర్ దాన్ని కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయాడు. శారదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తనూజ మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు మూసుకుంది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. హలీమా బీ ఆకు మడిచిన చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"ఆ... ఆ ఒంటె పా... పాటల మా... మాటలేంది?"

"మంచి ప్రశ్న," అంది గొంతు, మధ్యలో ఏమీ జరగనట్టు. "పాడిన ఆవిడనే అడుగుదాం."

గాలి హోరు మధ్య నుంచి ఆ ఎడారి మనిషి పలికింది. "మాటలు లేవు బిడ్డా. ఒక్క చప్పుడే ఉంటది. దాన్నే మల్ల మల్ల అనాలె, తల్లి గుండె కరిగేదాక. మా తాన తొందర మనుషులకు ఆ పాట రాదు. ఒక్కసారి అని, జవాబు రాలేదని లేచిపోతరు."

"ఏ చ... చప్పుడు?" అడిగింది తనూజ.

"మాది మా ఒంటెకు తెల్సు. మీది మీ బర్రెకు తెల్సు. నీ నోట్లకు ఏదొస్తే గదే."

ఆదివారం పొద్దున్నే జగదీశ్వర్ ట్రాలీ ఆటో గల్లీ మలుపులో ఆగింది. అతను తాడు భుజాన వేసుకొని వచ్చి, "తయారేనా అన్నా?" అన్నాడు. రామ్‌చందర్ ముందు చాయ్ తాగమన్నాడు.

కొట్టంలో తనూజ అప్పటికే ముత్యాలు మెడ మీద చెంప ఆనించి నిలబడి ఉంది. ముత్యాలు నెమరు వేస్తోంది, లోపల ఎక్కడో తీగల వాయిద్యం సన్నగా మోగుతోంది. శారదమ్మ గిన్నె పట్టుకొని పొదుగు దగ్గర కూర్చుంది.

తనూజ ముత్యాలును పేరు పెట్టి పిలవబోయింది.

"ము..." అంది. "ము... ము... ము..."

శారదమ్మ పళ్ల దాకా వచ్చింది మిగతా మాట. 'త్యాలు' అంటే అయిపోతుంది. ఇన్నేళ్ల అలవాటు నాలుకను ముందుకు తోస్తోంది. పెదవి కొరికి పట్టుకుంది.

"ము... ము... ము... ము..."

తనూజ మొదట ఎప్పటిలాగే పెనుగులాడింది. కాసేపటికి పెనుగులాట మానింది. ముందుకు పోవాల్సిన పని లేదని తెలిసినట్టు అక్కడే నిలిచి, అదే అక్షరాన్ని కొంచెం సాగదీసింది, కొంచెం దించింది. ముత్యాలు మెడ నిమిరే చేతికీ ఆ చప్పుడుకూ ఒక లయ కుదిరింది. దూడ తల్లి పొట్ట కింద దూరి మూతితో పొడిచేటప్పుడు చేసే చప్పుడులా ఉంది. తీగల వాయిద్యం దాన్ని కొంతదూరం అనుసరించి, తర్వాత తగ్గిపోయింది.

ముత్యాలు దవడ ఆగింది. చెవులు ముందుకు తిరిగాయి. కంటి కొస నుంచి నీళ్లు కారి, ముక్కు దాకా తడి గీత పడింది. శారదమ్మ చేతుల్లో పొదుగు మెత్తబడింది, చన్నులు వెచ్చగా నిండాయి. ఆమె పిండకముందే పాలు ధారగట్టి, ఖాళీ గిన్నెలో చర్రుమని పడ్డాయి.

గిన్నె నిండి నురగ పొంగింది. రామ్‌చందర్ ఇంకో గిన్నె కోసం లోపలికి పరుగెత్తాడు. చాలాసేపటికి ముత్యాలు మళ్లీ నెమరు మొదలుపెట్టింది. ఈసారి గడ్డి నలిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గుమ్మంలో హలీమా బీ కాసేపు చెవి పెట్టి చూసి, పీట చంకన పెట్టుకొని, "చలో," అని లేచింది.

జగదీశ్వర్ చాయ్ గ్లాసు పట్టుకొని అంతా చూశాడు. భుజం మీది తాడు సర్దుకున్నాడు. వెళ్లబోయి ఆగాడు.

"వదినా," అన్నాడు శారదమ్మతో. "తుక్కుగూడల మా అక్కోళ్ల బర్రె గూడ గిట్లనే ఉన్నది. దూడ చచ్చి, చేపుతలేదు. నాకు అమ్ముత అంటున్నది. నాకు మనసొప్పుతలేదు. మీ బిడ్డ ఒక్కసారి వస్తదా?"

రాదు, కొత్త మనుషుల నడుమ ఆమె ఎట్లా మాట్లాడుతుంది అన్న జవాబు శారదమ్మ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

"నన్నెందుకు అడుగుతవు? గాడనే ఉన్నది గద. ఆమెనే అడుగు."

జగదీశ్వర్ తనూజ వైపు తిరిగాడు. తనూజ చేతులకంటిన గడ్డి దులుపుకుంది.

"వ..." అంది. "వ... వ..."

జగదీశ్వర్ తల్లి వైపు చూశాడు, అలవాటుగా. శారదమ్మ పాలు వడగట్టే గుడ్డ వెతుకుతూ అటు తిరిగిపోయింది. అతను ఏం చెయ్యాలో తెలియక, తాడు భుజం నుంచి తీసి గోడ పక్కన పెట్టి, గట్టు మీద కూర్చున్నాడు.

"వస్త," అంది తనూజ. "కా... కానీ నాకు టైం ప... పడతది."

"పట్టనియ్యి. మా అక్కకేం తొందర?"

ముత్యాలును ఎక్కించుకుపోదామని తెచ్చిన ట్రాలీ ఆటోలో, డ్రైవర్ పక్క సీట్లో తనూజ కూర్చుంది. బండి మలుపు తిరిగేటప్పుడు ఆమె జగదీశ్వర్‌తో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెబుతోందో శారదమ్మకు అంతుబట్టలేదు. బిడ్డ నోట్లో ఏ మాట ఉందో తెలియకపోవడం ఆమెకు అదే మొదటిసారి. వచ్చాక అడిగి, చెప్పినంతసేపూ కూర్చుని వినాలనుకుంటూ ఆమె గల్లీ చివరిదాకా నడిచింది.