మూడో పేరు

మహాలయ అమావాస్యకు తర్పణం వదిలేటప్పుడు నాన్న పేరు, తాత పేరు చెప్పి, ముత్తాత పేరు దగ్గర ముప్పై ఏళ్ళుగా ఆగిపోతున్నాను. తాత రాఘవయ్యను రాజమండ్రిలో తల్లి ఒక్కతే పెంచింది. తండ్రి రైల్వేలో పనిచేసిన వేల్స్ దొర అని కొందరు, కాదని కొందరు అనేవారు. "నారాయణ అనండి, సరిపోతుంది" అనేవారు పురోహితులు. నాకు మాత్రం సరిపోయేది కాదు.

ఈ ఏడు మా అమ్మాయి ప్రవల్లిక రాజమండ్రి రైల్వేలో పనిచేసినవారి పాత జాబితాలో ఇవాన్ ప్రైస్ అనే వేల్స్ మనిషి పేరు పట్టుకుంది. వేల్స్‌లో ఆయన అన్న మనవరాలు మెగన్‌ గారిని కూడా వెతికింది. అమావాస్య నాడే, ఇంగ్లండ్‌లో మేముండే మిల్టన్ కీన్స్ నుంచి కారులో వెళ్ళాం.

ఆవిడ ఇంటి బైబిల్ తెరిచారు. మొదటి పేజీలో ఆ ఇంటి పుట్టుకలన్నీ రాసి ఉన్నాయి. "ఇవాన్ కొడుకు రాఘవ, రాజమండ్రి, 1909" అన్న వరుసను ఎవరో కొట్టేశారు. దాని కిందే, అదే చేతిరాతతో, ఆ మాటలే మళ్ళీ ఉన్నాయి.

"ఇవాన్ వాళ్ళమ్మ రాత. మా తాత కొట్టేస్తే ఆవిడ మళ్ళీ రాసిందట" అన్నారు మెగన్.

"డాడ్, ఆర్ యు ఓకే?" అంది ప్రవల్లిక.

"చర్చికి వెళ్ళిన మనిషికి నేను నువ్వులు, నీళ్ళు వదిలితే తప్పా ఆంటీ?" అని అడిగాను.

"మునిమనవడిచ్చే నీళ్ళు ఎవరు కాదంటారు? అయినా ఎప్పుడూ వాన కురిసే వేల్స్ వాడికి తడవడం కొత్తా?" అని నవ్వారు మెగన్.

ఇంటి వెనక వాగులో దిగాను. గోత్రం తెలియనివారికి చెప్పే కాశ్యప గోత్రమే చెప్పి, ఇవాన్ పేరున మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలాను. ముప్పై ఏళ్ళుగా ఆయనకు నేను బాకీ ఉన్నది ఆ నీళ్ళే.