సన్మార్గ బడి మైకు గోడు

నేను ఒక మైకుని. హైదరాబాదులో, కోఠి వెనక సందులో ఒక ఇరుకు గదిలో పుట్టాను. అక్కడ కొందరు ఆడవాళ్లు వరసగా కూచుని తీగలు అతికేవారు. వాళ్లలో ఒకామె నా తలకి ఇనుప జాలీ బిగించి, నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అంది. నాలోంచి వెళ్లిన మొదటి మాట అదే. అందులో అర్థమేమీ లేదు. తర్వాత నేను మోసిన చాలా మాటలకంటే అదే నయమని ఇప్పుడనిపిస్తోంది.

మొదట నన్ను టెంటు సామాను అద్దెకిచ్చే మొగులయ్య కొన్నాడు. పెళ్లిళ్లు, సన్మానాలు, ఎన్నికల సభలు అన్నీ తిరిగాను. "రెండు ముక్కల్లో ముగిస్తాను" అని నన్ను పట్టుకున్న ప్రతివాడూ భోజనాలు చల్లారేదాకా వదలలేదు. పెళ్లికొడుకు పేరు చీటీ చూసి చదివినవాళ్లే అతని గుణగణాలు ఎక్కువసేపు వర్ణించేవారు. మొగులయ్య కొత్త సామాను తెచ్చుకున్నాక నన్ను తన మనవరాలు చదివే సన్మార్గ బడికి ఇచ్చేశాడు. ఇక మంచి మాటలు మోయొచ్చు కదా అని సంతోషపడ్డాను.

సన్మార్గ బడి కట్టడం సర్కారుది. నడిపేది ఒక ట్రస్టు. ఫీజు లేదు. బస్తీలో ఎవరి పిల్లలైనా రావచ్చు. ఆటో తోలేవాళ్ల పిల్లలు, మేస్త్రీల పిల్లలు, బీహారు నుంచి, ఒడిశా నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు, అందరూ ఒకే బెంచీ మీద కూచునేవారు. లెక్కలు, సైన్సులకంటే ముందు నడవడిక నేర్పాలన్నది ఆ బడి పట్టుదల. వారానికొక మంచి గుణం ఎంచుకునేవారు. ఒక వారం దయ, ఒక వారం ఓర్పు. నీతి పాఠం చెప్పే ఇమ్మానుయేలు సారు పొద్దున ప్రార్థనలో పిల్లల్ని నా ముందుకి పిలిచి, ఆ గుణం గురించి ఎవరి భాషలో వాళ్లని మాట్లాడమనేవాడు. తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, ఒడియాలో అదే మాట వినబడుతుంటే నాకు గర్వంగా ఉండేది.

ప్రిన్సిపాలు వైదేహి మేడం. ఆమె గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. బడి మొదలైన కొత్తలో ఆమె ఎండలో బస్తీ అంతా తిరిగి పిల్లల్ని పోగు చేసింది. సంజుక్త అనే ఒడియా పిల్లని కడుతున్న అపార్టుమెంటు దగ్గర, ఇసక కుప్ప మీద కూచుని తమ్ముణ్ణి ఆడిస్తుంటే చూసి, తల్లిని ఒప్పించి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది కూడా ఆమే. సంజుక్తకి తెలుగు మాట్లాడటం తొందరగానే వచ్చింది. చదవడం మాత్రం రాలేదు. ఎనిమిదో తరగతికి వచ్చినా అక్షరం అక్షరం కూడబలుక్కునేది. సబిహా అని ఆటో తోలే యూసుఫ్ కూతురు ఆమె పక్కనే కూచుని సాయం చేసేది. ఇద్దరూ పొద్దున కలిసి వచ్చేవారు, సాయంత్రం కలిసి వెళ్లేవారు.

కొన్నేళ్లకొకసారి సర్కారు తరఫున పరిశీలకులు వచ్చి పిల్లల చేత చదివించి చూస్తారు. వాళ్లు బాగుందంటేనే సర్కారుతో ట్రస్టు ఒప్పందం కొనసాగుతుంది. ఆ ఏడు వాళ్లొచ్చే ముందు వైదేహి మేడం టీచర్లని తన గదికి పిలిచింది. నా కాపురం ఆ గదిలో బీరువా మీదే కాబట్టి అంతా విన్నాను.

"చదవలేని పిల్లలు ఎవరో మీకు తెలుసు. వాళ్లని ఆ రోజు ఇంటి దగ్గరే ఉండమనండి. సెలవని చెప్పండి" అంది.

ఇమ్మానుయేలు సారే మెల్లగా, "మేడం, ఈ వారం మన గుణం నిజం అండి" అన్నాడు.

"నాకు తెలుసండీ. బడే మూతపడితే ఏ గుణం ఎక్కడ చెబుతారు? ఇంతమంది పిల్లలు మళ్లీ రోడ్డున పడితే మీకు నిద్ర పడుతుందా?"

సారు తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఊరందరి మాటలూ మోస్తాను, నాదంటూ ఒక్క మాట మాట్లాడలేను.

పరిశీలకులు వచ్చిన పొద్దున మైదానంలో షామియానా వేశారు. వ్యాయామం టీచరు భూమయ్య సారు నన్ను స్టాండుకి బిగించాడు. ఆ రోజు నిజం గురించి మాట్లాడవలసింది సబిహా. ప్రసంగం కంఠతా పట్టించారు. ఆమె వచ్చి నా ముందు నిలబడింది. మామూలుగా గలగలా మాట్లాడే పిల్ల. ఆ రోజు ఊపిరి గట్టిగా పీలుస్తోంది.

"గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. నిజం అనేది..." అని ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది. తర్వాత గొంతు మారిపోయింది.

"మా క్లాసుల సంజుక్త ఇయ్యాల రాలే. పొద్దుగాల నేను పిలవనీకి పోయిన. యూనిఫారం ఏసుకోని తలుపు కాడ కూసున్నది. ఇయ్యాల నాకొక్కదానికే సెలవంట అని ఏడుస్తున్నది. ఆమెకు చదువ రాదని..."

వైదేహి మేడం భూమయ్య సారు వైపు చూసి చెయ్యి కిందికి ఊపింది. ఆయన ఆంప్లిఫయరు డబ్బా దగ్గర మీట తిప్పేశాడు.

అప్పటి నా బాధ ఎలా చెప్పను? అన్ని సభలు, అన్ని సన్మానాలు, అన్ని ఉత్తుత్తి పొగడ్తలు అరక్షణం ఆగకుండా మోశాను. మోయవలసిన మాట వచ్చిన క్షణాన నా గొంతు నొక్కేశారు. సబిహా పెదవులు నాకు ఇంత దగ్గరలో కదులుతున్నాయి. ఆమె వెచ్చని ఊపిరి నా జాలీకి తగులుతోంది. నేను మాత్రం ఇనుప ముక్కలా నిలబడి ఉన్నాను.

సబిహా నన్ను వేలితో తట్టి చూసింది. సంగతి అర్థమైంది. ఒక అడుగు పక్కకి జరిగి గట్టిగా అరిచింది. "చదువ రాదని రావొద్దన్నరు సార్!"

ముందు వరసలవాళ్లకి వినబడింది. వెనకవాళ్లు "ఏమన్నదిరా?" అని అడిగారు. "సంజుని రావొద్దన్నరంట" అని మాట వరస నుంచి వరసకి పాకింది. పరిశీలకుల్లో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "ఏమ్మా ప్రిన్సిపాలుగారూ, ఏమిటిది?" అన్నాడు.

వైదేహి మేడం లేచి వచ్చింది. భూమయ్య సారు మీట మళ్లీ తిప్పాడు. ఆమె రెండు చేతులతో నన్ను పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. చెప్పేస్తుందనుకున్నాను.

"ఆ అమ్మాయికి ఒంట్లో బాగోలేదండీ. స్నేహితురాలు కదా, సబిహా పొరబడింది."

ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆ అబద్ధాన్ని చివరి వరస దాకా నేనే చేర్చాను. టీచర్ల కుర్చీల వైపు చూశాను. ఇమ్మానుయేలు సారు తన చెప్పులు చూసుకుంటున్నాడు.

పరిశీలకులు పిల్లల చేత చదివించారు, టిఫిను చేశారు, వెళ్లిపోయారు. ఒప్పందం కొనసాగింది. బడిలో మిఠాయి పంచారు.

మర్నాడు మేడం గదికి సబిహా తండ్రి యూసుఫ్‌ని పిలిపించారు. ఖాకీ చొక్కాతోనే వచ్చి నిలబడ్డాడు.

"తప్పు మాట్లాడిందా మేడం నా బిడ్డ?"

"తప్పని కాదు. అది సందర్భం కాదు."

"అబద్ధం చెప్పిందా?"

"లేదు" అంది మేడం.

"మరి మీరు నేర్పిందే కద మేడం చెప్పింది. నేనేం నేర్పలే. నాకంత టైము యాడిది?" అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్ని మార్పులు జరిగాయి. వైదేహి మేడం రోజూ బడి వదిలాక సంజుక్తని, ఇంకా చదవలేని పిల్లల్ని తన గదిలో కూచోబెట్టుకుని తానే చదివించేది. ఇంటికి ఆలస్యంగా వెళ్లేది. బీరువా మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. సంజుక్త కూడబలుక్కోవడం పోయి వాక్యాలు చదవసాగింది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ రోజు మాట మేడం ఒక్కసారీ ఎత్తలేదు. నిజం అనే గుణాన్ని ఆ మరుసటేడు జాబితాలోంచి తీసేసి, క్రమశిక్షణ పెట్టారు. సబిహాని ఎవరూ తిట్టలేదు, ఎవరూ మళ్లీ నా ముందుకి పిలవనూలేదు. అబద్ధాలకోరని కింది తరగతి పిల్లలు ఆమె వెనక గుసగుసలాడేవారు. ఎందుకాడరు? నేనే కదా అంత స్పష్టంగా వినిపించింది. రోజూ పొద్దున వైదేహి మేడం నన్ను పట్టుకున్నప్పుడల్లా ఇవాళ చెబుతుంది, ఇవాళ చెబుతుంది అని ఎదురుచూసేవాణ్ణి. ఆమె వార్తలు చెప్పేది, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేది, కుళాయి కట్టెయ్యమనేది.

ఆ ఇద్దరు పిల్లలూ పదో తరగతిలో ఉండగా వైదేహి మేడం రిటైరైంది. వీడ్కోలు సభలో అందరూ ఆమెని పొగిడారు. చివర ఆమె మాట్లాడింది. బడి మొదలైన రోజులు తలుచుకుంది, కళ్లు తుడుచుకుంది. "ఇంకొక్క మాట..." అని ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అందరూ బాగా చదువుకోండి" అని నన్ను కట్టేసి కూచుంది.

సభ ముగిసింది. కుర్చీలు సర్దుతున్న సంజుక్తని ఆమె దగ్గరికి పిలిచింది. నేను మూగగా స్టాండు మీదే ఉన్నాను.

"ఆ రోజు నిన్ను రావద్దని చెప్పించింది నేనేనమ్మా."

"తెల్సు మేడం" అంది సంజుక్త.

"నన్ను క్షమించగలవా?"

సంజుక్త చేతిలో కుర్చీ కింద పెట్టింది. "నాకు చదువు నేర్పిన్రు మేడం. నాకేం కోపం లేదు. గని సబిహా అబద్ధం చెప్పిందని అన్నరు కద. మీరు క్షమాపణ ఆమెకు చెప్పాలె. అందరి ముంగట చెప్తే బాగుండు."

మేడం నా వైపు చూసింది. నా మీట మీద వేలు కూడా పెట్టింది. ఎదురుగా మడిచిన కుర్చీలు, ఎగిరే కాగితం పళ్లాలు తప్ప ఎవరూ లేరు.

"సబిహా ఎక్కడుంది?"

"గేటు కాడ. నా కోసం నిలబడ్డది."

వైదేహి మేడం శాలువాలు, పూలగుత్తులు రెండు చేతులా పట్టుకుని మైదానం దాటి గేటు దాకా నడిచింది. సబిహా ఎదుట నిలబడింది. చాలాసేపు మాట్లాడింది. సబిహా నవ్వలేదు, తల ఊపలేదు. ఆఖరికి మేడం చేతుల్లోంచి శాలువాలు అందుకుని, ఆటోల వైపు ముందు నడిచింది.

మేడం ఏం చెప్పిందో నాకు తెలియదు. నేనున్నచోటికి ఒక్క ముక్క కూడా వినబడలేదు.