చాప దులిపితే రాలేవి

మూడింటి బెల్లు కొట్టగానే ఐదో తరగతి పిల్లలు నలుగురు చాప నాలుగు మూలలూ పట్టుకుని వరండా చివర దులిపేవాళ్లు. లిటియానా టీచరు ఆ రోజు ఈజిప్టు పాఠం చెబితే ఇసుక రాలేది. మంగోలుల దండయాత్ర చెబితే ఎండుగడ్డి, రెండు మూడు గుర్రపు వెంట్రుకలు. రోము స్నానశాలల పాఠం నాడు చాప తడిసి ముద్దయి, ఆరడానికి రెండు రోజులు పట్టింది. హెడ్మాస్టరు ఇలియేసాకు ఒక్కటే బాధ. "ఆ ఇసుక కాలవలో పోయకండర్రా, వానొస్తే నీళ్లు నిలుస్తాయి" అని గొణిగేవాడు. చైనా గోడ నాడు రాలిన ఇటుక పెచ్చును మాత్రం తన గది తలుపుకు అడ్డం పెట్టుకున్నాడు.

పక్కగదిలో ఆరో తరగతి చెప్పే వాసెమాకా ఇదంతా పదకొండేళ్లుగా కిటికీలోంచి చూస్తోంది. ఆమె తరగతిలోనూ మొగలాకు చాపే. దులిపితే పెన్సిలు చెక్కులు, ఉడికిన కర్రపెండలం తునకలు రాలేవి. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు బోర్డు మీద ఒక్క తప్పు లేకుండా రాసేది. పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు, సెలవుల్లో శుభ్రంగా మరిచిపోయేవాళ్లు. అసూయకు కష్టజీవులంటే ఇష్టం. సోమరిపోతులకు అసూయ పడే ఓపిక కూడా ఉండదు.

పైగా లిటియానా ఆమెకు పరాయిదా అంటే కాదు, స్వయానా మొగుడి అక్క. ఆ ఊరి కొండ, ఆ ఊరి ఏరు లిటియానా వంశానివి. వాసెమాకా సువా పట్నం శివార్లలోని సాలమన్ దీవులవాళ్ల వాడ నుంచి వచ్చిన కోడలు. ఎప్పుడో చెరకు నరకడానికి ఓడల్లో తెచ్చి పడేసిన మనుషుల సంతానం. కావా అనే వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చుని ఎవరి వంశం వాళ్లు చెప్పుకునే వేళ, ఆమె వంతు వచ్చేసరికి ఎవరో ఒకరు గబుక్కున గిన్నె అందించేవారు. మర్యాదే అది. మర్యాదకున్నంత పదును కత్తికి కూడా ఉండదు.

ఆ ఏడు పిల్లలు తగ్గారు. వచ్చే ఏటి నుంచి రెండు తరగతులూ కలిపేస్తారు, ఒక్క టీచరే ఉంటుంది. రెండో ఆమె నెలకు రెండుసార్లే పడవ వెళ్లే దూరపు దీవికి పోవాలి. గురువారం అధికారిణి వచ్చి ఇద్దరి ప్రపంచచరిత్ర పాఠమూ విని తేలుస్తుందని కబురొచ్చింది.

మంగళవారం సాయంత్రం వాసెమాకా ఆడపడుచు గడపలో చతికిలబడింది. ఆ ఊళ్లో అయినవాళ్లు 'కెరెకెరె' అని నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. అన్నవాళ్లు తల ఎత్తుకు తిరగలేరు.

"వదినా, కెరెకెరె."

"మా తమ్ముణ్ని ఎప్పుడో పట్టుకుపోయావుగా మరదలా, ఇంకేం మిగిలిందీ ఇంట్లో?"

"మీ తమ్ముణ్ని వాపసు ఇస్తానన్నా పుచ్చుకునేవాళ్లు లేరు. నాకు నీ చాప కావాలి. బళ్లో ఉన్నది."

లిటియానా చేతిలో టీ కప్పు నోటిదాకా వచ్చి ఆగింది. గురువారం సంగతి ఆమెకూ తెలుసు.

"పట్టుకెళ్లు" అంది చివరికి. "ఎడమ మూల నేత వదులైంది. చూసి పరుచుకో."

అంత తేలిగ్గా ఇచ్చేసినందుకు వాసెమాకాకు ఒళ్లు మండింది. దొంగిలించి ఉంటే కాస్త హాయిగా ఉండేది.

గురువారం లిటియానా పిల్లల్ని ఉత్త సిమెంటు నేల మీద కూర్చోబెట్టి నైలు నది గురించి చెప్పింది. బాగానే చెప్పింది. పిల్లలే మాటిమాటికీ కిందికి చూసుకున్నారు. ఇసుక రవ్వ లేదు. అధికారిణి అకోసితా ఏదో రాసుకుని పక్కగదికి వచ్చింది.

వాసెమాకా చాప మీద పిల్లల్ని సర్ది, పిరమిడ్లు కట్టించిన రాజుల పేర్లు వరసగా చదివింది. ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడో చెప్పింది. ఒకసారి పిల్లల్ని లేపి దులిపించింది. పెన్సిలు చెక్కు ఒకటి రాలింది. అకోసితా ఆవులింత మింగడం ఆమె చూసింది.

ముందు వరసలో సలసైనీ చెయ్యెత్తింది. "టీచర్, ఆ రాళ్లు మోసినవాళ్లు మళ్లీ ఇంటికి ఎప్పుడెళ్లారు?"

"వెళ్లలేదు" అంది వాసెమాకా విసురుగా. "మోయడానికి తెచ్చినవాళ్లను ఎవడు తిరిగి పంపుతాడు?"

"మీరు చూశారా?"

వాసెమాకా చేతిలోని పుస్తకం మూసింది. పిల్లల మధ్య జరగమని చోటు చేసుకుని చాప మీద కూర్చుంది. మొగుడికి కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. సాలమన్ దీవుల్లోని మలైతా ఒడ్డున పన్నెండేళ్ల పిల్లవాడు ఓడలో గుడ్డలు, కత్తులు చూద్దామని ఎక్కాడు. పైన మూత పడింది. ఇక్కడ తోటలో అతని భాష ఎవరికీ రాదు. ముసలివాడయ్యేదాకా చెరకు నరికాడు. అతను మా ముత్తాత అంది. పోయేముందు నీళ్లు అడగలేదు, వక్క అడిగాడు. ఆ తోట చుట్టుపక్కల వక్కచెట్టు మొహం చూసినవాళ్లు లేరు. నోట్లో వేలు పెట్టుకుని చప్పరిస్తూ పోయాడు.

బెల్లు కొట్టారు. పిల్లలు అలవాటు ప్రకారం చాప ఎత్తారు. ముందు ఉప్పునీళ్లు కారాయి. ఆ తర్వాత మూడు వక్కకాయలు దొర్లాయి. పచ్చివి, అప్పుడే గెలనుంచి కోసినట్టు తొడిమల్లో జిగురు ఆరకుండా ఉన్నాయి. ఊళ్లో పిల్లలకు అవేమిటో తెలియదు. అకోసితా కలం మూత తీసింది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. బళ్లో ఉండేది వాసెమాకా. పడవ ఎక్కేది లిటియానా.

ప్రయాణం ముందు రోజు లిటియానా తమ్ముడి ఇంటికి వచ్చి, గడపలో చతికిలబడింది. వాసెమాకా లోపలికి వెళ్లి, చుట్టి సిద్ధంగా పెట్టిన చాప తెచ్చి ముందు పెట్టింది.

"ఇది కాదు" అంది లిటియానా. "మొగలి అక్కడా ఉంటుంది. నేసుకుంటాను."

లిటియానా చూపు దూలానికి వేలాడదీసిన బుట్ట మీద ఉంది. అందులో వక్కలు ఇంకా వాడిపోలేదు.

"నా చాపలోంచి లోకంలో అందరి ఇళ్ల దుమ్మూ రాలింది. మా ఇంటిది గడ్డిపోచ రాల్లేదు ఏనాడూ" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కెరెకెరె, మరదలా. ఒక్కటి."

ఆ చూపు వాసెమాకాకు కొత్త కాదు. పదకొండేళ్లుగా అద్దంలో చూసుకుంటున్నదే. ఆ ఊళ్లో కాపురానికి వచ్చాక ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు, అడగడానికి ఆమె దగ్గర ఏముందని.

బుట్ట దించింది. మూడింట్లో పెద్దది ఏరింది. ఇస్తూ నవ్వలేదు, అలాగని ఆలస్యమూ చేయలేదు.

"ఎండలో పెట్టకు వదినా" అంది. "నీడలో నాటు."