ఆరు మీటర్ల లోతున చిటికెన వేలు

ఖతార్ అంటే ఎండ తప్ప ఇంకేమీ లేదనుకునేవాళ్ళను జనవరిలో మెసయీద్ ఒడ్డుకు తీసుకొచ్చి, మెడలోతు నీళ్ళలో నిలబెట్టాలి. సుధాకరరావు రెండు రోజులుగా పళ్ళు కటకటలాడిస్తూ అనుకుంటున్నది ఇదే.

అయినా ఆయన్ని ఎవరు రమ్మన్నారు గనక? లుసైల్ ఆఫీసులో ఆయన కింద పనిచేసే లలితకుమారి, శుక్ర శనివారాల్లో సముద్రం అడుగుకు దిగడం నేర్చుకుందామని ఆరుగురిని పోగుచేసింది. "మీకెందుకులెండి సార్, నీళ్ళు బాగా చల్లగా ఉంటాయట," అంది. ఆ మాటకు ఆయనకు ఒళ్ళు మండింది. మీటింగు మధ్యలో బాత్రూముకని లేచినవాణ్ణి, "రెండు గంటలు బిగబట్టుకోలేనివాడివి ఇంత పెద్ద పనేం చక్కబెడతావయ్యా," అని పదిమందిలో దులిపేసే మనిషి. అలాంటాయన చలికి జంకుతాడా? అప్పటికప్పుడు పేరు రాయించేశాడు.

శుక్రవారం ఎలాగో గడిచింది. శనివారం పొద్దున ఆఖరి మునక. అది అయితే చేతికి సర్టిఫికెట్ వస్తుంది. చలికి తట్టుకోలేక ఆయన అల్ వుకైర్ ఇంటినుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు టీ మొత్తం ఒక్కడే తాగేశాడు. జగిత్యాల నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న మల్లన్న ఒక్కొక్కరి వీపుకూ గాలి సిలిండరు బిగించి, మూత తిప్పి, భుజం తట్టి "యల్లా సార్" అని నీళ్ళలోకి పంపాడు.

ఆరు మీటర్ల లోతులో ఇసుక మీద మోకాళ్ళూని కూర్చున్నారు అందరూ. అక్కడ ఆ టీ తన పని మొదలుపెట్టింది.

సుధాకరరావు ముందు చేపల్ని చూశాడు. తరువాత ఎక్కాలు చదువుకున్నాడు. పదమూడో ఎక్కం సగంలో ఇక లాభం లేదని తేలిపోయింది. పోనీ ఆ రబ్బరు సూటులోనే కానిద్దామంటే, రేపు దాన్ని ఇంకెవరో తొడుక్కుంటారు. చచ్చినా ఆ పని చేయడు. సరిగ్గా అప్పుడే నేర్పించే ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిసెల్ ఎదురుగా వచ్చి, గాలి ఎంత మిగిలిందని చేత్తో సైగ చేసింది. ఆయనకు సైగ అర్థం కాలేదు. ఎదురుగా టీచరు, కింద ప్రాణసంకటం. చెయ్యి తనంతట తానే లేచింది. దాని చివర చిటికెన వేలు నిలబడింది.

ఆంధ్రదేశంలో ఏ బడిలో అయినా ఆ వేలికి "వెళ్ళిరా" అనే జవాబు వస్తుంది. మారిసెల్ చదివిన బడిలో, గాలి ఎంతని అడిగితే ఒక్క వేలు చూపడానికి గాలి అయిపోవస్తోందని అర్థం.

ఆమె ఒక్క ఊపున తన దగ్గరున్న రెండో గాలి గొట్టం ఆయన నోట్లో కుక్కి, చంక కింద చెయ్యివేసి, అందరినీ పైకి రమ్మంది. అందరి ఆఖరి మునకా మట్టికొట్టుకుపోయింది.

ఒడ్డున మీటరు చూస్తే సిలిండరులో గాలి సగం పైనే ఉంది.

"గాలి అందలేదా?" అని మారిసెల్ అడిగింది.

చుట్టూ తన ఆఫీసువాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని వణుకుతూ చూస్తున్నారు. సుధాకరరావు అవునన్నట్టు తల ఊపాడు.

"అయితే మూత సరిగ్గా తిప్పలేదన్నమాట," అని ఆమె మల్లన్న వైపు తిరిగి, ఒడ్డున పెట్టిన సంచిలోంచి ఫోను తీసింది.

"పూరా తిప్పిన మేడం," అన్నాడు మల్లన్న. ఆమె యజమాని నంబరు వెతుకుతుంటే సుధాకరరావు దగ్గరికి వచ్చాడు. "సార్, పోయిన నెల ఒక సిలిండర్ మూత సగమే తిప్పిన. తప్పు నాదే. ఇంకోసారయితే టికెట్ గొట్టి ఇంటికి తోలుత అన్నడు మా ముదీర్, గదే మా ఓనర్. గీసారి మాత్రం పూరా తిప్పిన. జర మీరే జెప్పుండ్రి."

సుధాకరరావు మల్లన్న వైపూ, మారిసెల్ చెవి దగ్గరి ఫోను వైపూ చూశాడు. అవతల ఫోను మోగుతోంది.

"ఆపండి. గాలి బాగానే వచ్చింది," అన్నాడు. "నేను చెప్పింది వేరు. ఈ వేలంటే... బాత్రూము."

చిటికెన వేలు మళ్ళీ పైకెత్తి చూపించాడు.

"ఎవరు చెప్పారు మీకు, ఈ సైగకు అర్థం అదని?" అంది మారిసెల్.

"ఒకటో తరగతి మాస్టారు."

లలితకుమారి తువ్వాల్లో మొహం దాచుకుంది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ తరువాత ఎవరూ ఏదీ దాచుకోలేదు, ఇసుకలో కూలబడి మరీ నవ్వారు. సుధాకరరావు పరువు గంగలో, అదే, గల్ఫులో కలిసింది. మారిసెల్ ఫోనులో యజమానికి ఏమీ లేదు, పొరపాటున చేశానని చెప్పి పెట్టేసింది.

మల్లన్న నవ్వలేదు. వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఇంతమందిల జెప్పినవ్ సార్. నా నౌకరి నిలవెట్టినవ్," అన్నాడు. మీరు అనడం కూడా మరిచిపోయాడు.

"ముందు తల ఊపింది నేనే కదయ్యా," అన్నాడు సుధాకరరావు.

మల్లన్న కళ్ళు తుడుచుకుని, ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"అదంత మంచిదే గని సార్, ఇంతకు పోయినవా?"

సుధాకరరావుకు అప్పుడు గుర్తొచ్చింది. మాట్లాడకుండా గిరుక్కున వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మల్లన్న ఆయన వీపు మీది సూటు జిప్పు పట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు.