డింగ్ కాచని కషాయం

మెట్ల సందులో తెల్లవారిందంటే డాక్టర్ యెన్ తన వైద్యశాల తలుపు చెక్కలు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనించాడన్నమాట. ఆ చప్పుడుకే నడుం నొప్పులవాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు, కడుపు ఉబ్బరంవాళ్ళు వచ్చి బెంచీ మీద సర్దుకుంటారు. ముసలాయన ముందు నాలుక చాపమంటాడు. తర్వాత మణికట్టు కింద చిన్న దిండు పెట్టి, నాడి మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన నిద్రపోయాడేమోనని గొంతు సవరించుకుంటారు. "ఉండవయ్యా, నువ్వు నోరు మూస్తేనే గదా నీ కాలేయం ఏం చెబుతోందో నాకు వినపడేది" అంటాడు కళ్ళు తెరవకుండానే. కొందరికి సూదులు గుచ్చుతాడు, కొందరికి వీపు మీద వేడి గాజు బుడ్లు బోర్లిస్తాడు. బుడ్లు తీశాక మిగిలే ఊదారంగు మచ్చలు చూసి కొత్తవాళ్ళు బెంబేలు పడితే, నాలుగు రోజుల్లో అవే పోతాయని పాతవాళ్ళు ధైర్యం చెబుతారు. ఏం చేసినా, ఇంటికి పంపేటప్పుడు కషాయం చీటీ మాత్రం అందరికీ రాస్తాడు.

ఆ చీటీ డింగ్ చేతికి వెళుతుంది. గోడ నిండా ఉన్న సొరుగుల ముందు, ఎప్పుడూ నలగని నీలం కోటు వేసుకుని, వేలెడంత త్రాసుతో మూలికలు తూచి పొట్లాలు కట్టడం అతని పని. ఏది ముందు వేయాలో, ఏది చివర్లో వేయాలో మృదువుగా, నిదానంగా చెబుతాడు. ఆడవాళ్ళు అర్థమైనా ఇంకోసారి అడుగుతారు. ఇదంతా ఎదురింటి కిటికీలో కుట్టుమిషను ముందు కూర్చున్న అతని భార్య సూయింగ్ చూస్తూనే ఉంటుంది. మిషను తొక్కడం ఆగిందంటే కౌంటరు దగ్గర ఎవరో ఆడమనిషి నవ్విందని సందులో అందరికీ తెలుసు.

సూయింగ్ దగ్గర అమ్మమ్మ నాటి కషాయం కుండ ఒకటుంది. మసిబారిన మట్టికుండ, పక్కన పిడి. పొయ్యి మీద పెట్టి మందు మరిగిస్తే, కాచేవాళ్ళ మనసులో ఎవరుంటారో వాళ్ళ రూపు ఆవిరిలో లేస్తుంది. ఎవరి రూపు లేస్తే మందు వాళ్ళకే పనిచేస్తుంది. తాగేది ఎవరన్నది దానికి లెక్కలేదు. ఒకసారి పై మెట్ల దగ్గరి కోడలు అత్తగారికని కాస్తే ఆవిరిలో తన కన్నతల్లి లేచింది. అత్తగారి కీళ్ళు అలాగే ఉన్నాయి, ఎక్కడో నది అవతలి ఊళ్ళో తల్లి మాత్రం ఊతకర్ర పారేసింది. ఆ ఇంట్లో ఆ తర్వాత చాలా రోజులు గిన్నెలు ఎగిరాయి గాని, కుండను ఎవరూ తప్పు పట్టలేదు.

కషాయం కుండ విషయంలో సందులో ఒక పట్టింపు ఉంది. అడిగి తీసుకెళ్ళొచ్చు, తిరిగి తెచ్చి ఇవ్వకూడదు. తెచ్చి ఇస్తే రోగాన్ని మోసుకొచ్చి గుమ్మంలో దించినట్టు. సొంతదారు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి.

ఆ శరదృతువులో పెయ్‌హువాకి దగ్గు పట్టుకుంది. అయిదారు మెట్లు దిగితే ఆమె ఇల్లు. పడవ నడిపే మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళ పేరమ్మ డింగ్‌కి మొదట తెచ్చింది ఈ పెయ్‌హువా సంబంధమే. చెంప ఎముకలు ఎత్తుగా ఉన్నాయి, మొగుణ్ణి మింగేస్తుందని డింగ్ తల్లి వద్దంది. తర్వాత చూసిన పిల్ల సూయింగ్. తాను రెండో సంబంధమన్న మాట సూయింగ్ ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

పెయ్‌హువా కుండ అడిగితే డింగే తీసిచ్చాడు. ఇచ్చి ఊరుకోక, ఆమె గుమ్మం దాకా వెళ్ళి, మంట ఎంత ఉండాలో నిలబడి చెప్పొచ్చాడు. సూయింగ్ సూది వేలికి గుచ్చుకుంది.

"అంతసేపు ఏం చెప్పావయ్యా?"

"మందు గురించి."

"నాకు జ్వరమొస్తే పొట్లం బల్ల మీద పడేసి పోతావే! ఒక్కసారన్నా నువ్వు కాచావా నాకు?"

"పొద్దస్తమానం ఆ వాసనలోనే చస్తున్నాను. ఇంటికొచ్చి కూడా అదేనా?" అంటూ డింగ్ కోటు దులిపి కొయ్యకు తగిలించాడు.

అదే సూయింగ్ కడుపులో ముల్లు. పెళ్ళయినప్పటి నుంచి అతను ఆ కుండ ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎందుకు కూర్చోడు? ఆవిరిలో ఎవరు లేస్తారోనని కాదూ? ఎవరు లేస్తారో ఆమెకు అనుమానమే లేదు. ఎత్తయిన చెంపలతో, పక్కకు తిరిగి నిలబడ్డ ఆ రూపును ఆమె తన మనసులో ఎన్నిసార్లు చూసిందో. ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, మిషను నెత్తిన పెట్టుకుని పుట్టింటికి పోవాలని కూడా తీర్మానించుకుంది.

చూడాలంటే కుండ ఇంటికి రావాలి. కుండ రావాలంటే తనకు జబ్బు చేయాలి. మర్నాడు డొక్క పట్టుకుని మూలుగుతూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

డాక్టర్ యెన్ నాలుక చూశాడు. నాడి పట్టాడు. చాలాసేపు పట్టాడు.

"నాలుక అంచులు మిరపపండులా ఉన్నాయి. నాడి బిగించిన తీగలా ఉంది. ఎవరి మీదమ్మా ఇంత మంట?"

"ఎవరి మీదా లేదు. ఇక్కడ నొప్పి, అంతే."

"అబద్ధం నువ్వు చెబుతున్నావు, నాడి చెప్పడం లేదు. పడుకో."

కాలి బొటనవేలి పక్కన సూది దించాడు. చీమ కుట్టినంతే అనుకుంది. అంతలో పాదమంతా బరువెక్కింది, ఆ బరువు మెల్లగా పిక్క దాకా పాకింది. "లాగుతోందా? బరువుగా ఉందా? అయితే మంచిదే" అని ముసలాయన టీ తాగడానికి పోయాడు. అప్పుడు తెలిసింది సూయింగ్‌కి, డొక్కలో నిజంగానే నొప్పి ఉందని. నటిద్దామని వచ్చి రోగిగా తేలినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

చీటీ డింగ్ ముందు పడేసి సరాసరి పెయ్‌హువా ఇంటికి వెళ్ళింది. "నాకు ఒంట్లో బాగాలేదు. కుండ కావాలి."

పెయ్‌హువా దగ్గు ఇంకా తగ్గలేదు. అయినా ఆచారం ఆచారమే. లోపలికి పొమ్మన్నట్టు పక్కకు తప్పుకుంది. సూయింగ్ కుండ చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే, వెనక నుంచి ఆ దగ్గు చాలాదూరం వినపడింది. జాలి కలగకపోలేదు గాని, దానికంటే కుళ్ళే ఎక్కువగా ఉంది.

డింగ్ మాత్రం ఈసారీ కాయలేదు. ఎంత మూలిగినా పొట్లం బల్ల మీద పెట్టి, చలికోటు తొడుక్కుని చదరంగానికి పోయాడు. చేసేదిలేక సూయింగే గుమ్మం ముందు బొగ్గు పొయ్యి రాజేసి కుండ పెట్టింది. మందు మరిగింది. ఆవిరి లేచింది. ఆవిరిలో ఎత్తయిన చెంపలతో, పక్కకు తిరిగి, పెయ్‌హువా నిలబడింది.

సరిగ్గా అప్పుడే కూరలబుట్టతో పొరుగింటి పు పిన్ని మెట్లు దిగుతోంది. "పెయ్‌హువాకా కాస్తున్నావు? ఎంత మంచి మనసే నీది!"

"నాకే కాచుకుంటున్నాను!"

"ఆహా, కనపడుతోందిగా" అని పిన్ని నవ్వుకుంటూ పోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తన్ను తాను తలుచుకుందామని సూయింగ్ అద్దం ముందు పెట్టుకుని కూడా కాచింది. అద్దంలో తన మొహం చూస్తే, ఈ మొహం కంటే ఆ మొహం డింగ్‌కి ఎందుకు నచ్చిందా అన్న ఆలోచనే వచ్చేది. చేదంతా తనది, గుణమంతా పెయ్‌హువాది. కింది మెట్ల దగ్గర దగ్గు రోజురోజుకీ తగ్గింది. పెయ్‌హువా బుగ్గలకు రంగొచ్చింది. సూయింగ్ డొక్క నొప్పి మాత్రం ఏ రాత్రికారాత్రి ఇంకాస్త పెరిగేది.

"శత్రువుకి చాకిరీ చేస్తున్నాను పిన్నీ" అని చివరికి పు పిన్ని ముందే భోరుమంది.

"అయ్యో పిచ్చిదానా, కుండ దాని దగ్గరున్నన్నాళ్ళూ దాని పెరట్లో రోజూ లేచింది నువ్వే గదటే! అందుకే దాని దగ్గు తగ్గలా, నువ్వు దుక్కలా తిరిగావు. నీకు తెలియదా?"

సూయింగ్ ఏడుపు ఆగిపోయింది. చెప్పులు వేసుకుని గబగబా మెట్లు దిగింది.

"నా మీద నీకెందుకే ఏడుపు?"

పెయ్‌హువా బియ్యం కడుగుతున్న చెయ్యి ఆపింది. "నీకు నా మీద ఎందుకో నువ్వు చెప్పక్కా ముందు."

"నువ్వు మొదటి సంబంధానివి. ఆయన మనసులో ఉన్నది నువ్వే."

"నేనా!" పెయ్‌హువా గిన్నె దించేసింది. "సాయంత్రం కాగానే ఆయన వచ్చేది ఎవరింటికి? నువ్వు కిటికీలోంచి 'అన్నం చల్లారిపోతోంది, రావేం' అని సందంతా వినపడేలా తిడతావే, ఆ తిట్టు విన్నప్పుడల్లా నాకు కుళ్ళు పుట్టేది. తిట్టడానికి నాకెవరున్నారు? ఆయనకి నువ్వంటే ప్రాణం కాబట్టే పడుతున్నాడనుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చగలిగింది ఒక్కడే. వాడు కుండ ముందు కూర్చోడు.

చలి ముదిరాక డింగే జలుబు చేసి పడ్డాడు. సూయింగ్ కాచింది, ఆవిరిలో పెయ్‌హువా లేచింది. పెయ్‌హువా వచ్చి కాచింది, సూయింగ్ లేచింది. డింగ్ రెండు గిన్నెలూ తాగి ఇంకా ఎక్కువ తుమ్మాడు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం నిగనిగలాడుతున్నారు. డాక్టర్ యెన్ వచ్చి నాడి చూసి విసుక్కున్నాడు. "వీళ్ళిద్దరి వల్లా నీకు నయం కాదు. లేచి నీ మందు నువ్వే కాచుకో."

డింగ్ సణుగుతూ పొయ్యి ముందు పీట వేసుకున్నాడు. సూయింగ్ ఒకపక్క, పెయ్‌హువా ఒకపక్క నిలబడ్డారు. మందు కుతకుతలాడసాగింది. పెయ్‌హువా లేస్తే పుట్టింటికి పోవాలి అనుకుంది సూయింగ్. తనే లేస్తే? అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించగానే ఆశ పుట్టింది.

మూత పక్క నుంచి ఆవిరి లేచింది. సన్నగా, పొడుగ్గా, నలగని నీలం కోటుతో, జుట్టు నున్నగా దువ్వుకుని డింగ్ లేచాడు. పక్కన ఎవరూ లేరు. వెనక కూడా ఎవరూ లేరు. ఆవిరిలోని డింగ్ తన కోటు కాలరు సర్దుకున్నాడు.

"హమ్మయ్య" అన్నాడు పీట మీది డింగ్. గిన్నెలోకి వంపుకుని తాగాడు. గిన్నె దించేలోపే జలుబు వదిలింది. కోటు తొడుక్కుని చదరంగానికి పోయాడు.

పొయ్యి దగ్గర ఇద్దరే మిగిలారు. సూయింగ్ అతను తాగిన గిన్నె తీసి పొయ్యి పక్కన బోర్లించింది.

"కనీసం నువ్వన్నా ఉంటావనుకున్నానే" అంది.

"నేనూ అంతే అక్కా" అంది పెయ్‌హువా. "నువ్వన్నా ఉంటావనుకున్నాను."